పదో ఆకు

మా ఇంటి లోపలి అర్రలో తలుపు పక్కన గోడమీద బొగ్గుతో రాసిన అంకెలు ఉండేవి. ఏటా ఉగాదికి ఇల్లంతా సున్నం వేసే నా భార్య ఆ మూరెడు గోడను వదిలేసి చుట్టూ వేసేది. నేను వేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. పోయినేడు ఆ గోడ పెచ్చులూడితే మేస్త్రీ వచ్చి సిమెంటు పూసిపోయాడు. అంకెలు పోయాయి. పోతే ఏం, నాకు కంఠతా వచ్చు. ఆరు, ఏడు, ఎనిమిది, ఆరు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఐదు. ఆ తర్వాత ఐదు, ఐదు, ఐదు. పది ఎక్కడా లేదు.

అవి ఒక తీగకు ఉన్న ఆకుల లెక్క.

నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. లెక్కలు నాకు మగ్గం దగ్గర వచ్చాయి. చెప్పింది మా అక్క. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. ఆమెకు రాయడం, చదవడం రాదు. కానీ పోగుల లెక్కలో ఆమెకు తప్పు పోవడం నేను చూడలేదు. మాలో నూటఇరవై పోగులను ఒక పుంజం అంటారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వేళ్ల సందుల్లో పోగులు పట్టించి, పుంజం పుంజం లెక్కపెట్టించేది. "నూటఇర్వైల ఒక్కటి తప్పిందనుకో, బట్ట మొత్తం నిన్ను జూసి నవ్వుతది," అనేది. తర్వాత భాగహారాలు, భిన్నాలు పాత పుస్తకాలు చూసి నేనే నేర్చుకున్నాను. గద్వాలలో మా వీధిలో ఎవరు కొత్త చీర మొదలుపెట్టినా, ఎన్ని పోగులు, అంచుకు పట్టు ఎంత, ఒంటికి నూలు ఎంత అని నా దగ్గరికి వచ్చేవారు. నా లెక్క తప్పదని పేరు. ఆ పేరు నాకు మంచి చేసిందో చెడు చేసిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అక్కకు చిన్న వయసులోనే భర్త పోయాడు. మూడేళ్ల బిడ్డను ఎత్తుకుని మా ఇంటికి వచ్చేసింది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలుపుకుంటూ నేయాలి కాబట్టి ఒక్క మనిషితో కాదు. నేను మగ్గం గుంతలో కూర్చుని నూలు నాడె ఇటునుంచి అటు విసిరితే, అక్క పక్కన కూర్చుని అంచు నాడె అందించేది. పద్దెనిమిదేళ్లు అలా నేశాం. ఆ చప్పుళ్ల మధ్యే మేనకోడలు పెరిగింది. నన్ను మామా అని పిలిచేది. ఏడో తరగతి దాకా చదివింది.

పంతొమ్మిదో ఏట ఆ పిల్ల, పక్క వీధిలో కొత్త ఇంటి గోడలకు సిమెంటు గిలాబు పూయడానికి వచ్చిన కుర్రాడితో వెళ్లిపోయింది. అతనిది పాన్‌గల్ దగ్గర ఒక ఊరు. కూలి చేసుకునే కిరస్తానీ కుటుంబం. వాళ్ల చర్చిలో పెళ్లి చేసుకుని, నాలుగో రోజు ఇద్దరూ మా వాకిట్లోకి వచ్చారు. నేను తలుపు దగ్గర నిలబడి, "ఈ గడప తొక్కొద్దు," అన్నాను. ఇంకేమీ అనలేదు. అక్క మగ్గం పక్కన అంచు నాడె చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. వాళ్లు వెళ్లిపోయారు. నేను వచ్చి గుంతలోకి దిగాను. అక్క నాడె అందించింది. అందించింది కాబట్టి నా మాటే ఆమె మాట అనుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు తెల్లారగట్ల ఇల్లూడుస్తూ అక్క మగ్గం గుంతలో పడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో నెలన్నర ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. లేచి నడవడం ఉండదన్నారు. అంచు నాడె అందించడానికి కూలికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాను. ముందు అర్రంతా మగ్గమే. మంచం పట్టేది లోపలి అర్రలోనే. మాది మట్టి మిద్దె. లోపలి అర్రకు కిటికీ లేదు. కప్పులో వెలుతురు కోసం జానెడు చదరం రంధ్రం, గవాచి అంటాం, ఒకటి ఉండేది. దాన్ని నేనే బండ పెట్టి మూశాను. రంగు వేయించి తెచ్చిన పట్టు చిలపలను, అంటే పోగుల కట్టలను, ఆ అర్రలో దండెం మీద వేసేవాళ్లం. వెలుగు తగిలితే పట్టు రంగు వెలిసిపోతుంది. అంచు ఒకచోట ముదురు, ఒకచోట లేత అయితే ఆ చీరను ఎవరూ ముట్టుకోరు. అందుకని ఆ అర్రలో పట్టపగలు కూడా దీపం పెడితేగానీ మనిషి ముఖం తెలిసేది కాదు. అక్క ఆ చీకట్లో పడుకుని, దీపం ఉన్నంతసేపు దండెం మీద చిలపలను లెక్కపెట్టుకుంటూ ఉండేది.

ఆ ఏడు శివరాత్రి దాటిన మూడో రోజు, మధ్యాహ్నం, నేను మగ్గంలో ఉన్నాను. గడప అవతల నీడ పడింది. "అత్తా," అని పిలిచింది మేనకోడలు.

నా భార్య వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయింది. నావైపు చూస్తూనే, "లోపలికి రా పిల్లా," అంది.

"వద్దత్తా. గడప తొక్కొద్దన్నడు గద మామ. తొక్కుతలేను."

గొంతులో కోపం లేదు. ధరలు అడిగినట్టు మామూలుగా అంది. నేను తలెత్తలేదు. లోపలి అర్రలోంచి అక్క, "ఎవలే? ఎవలొచ్చిండ్రు?" అంది.

"నేనే అమ్మా!"

లోపల మంచం కిర్రుమంది. తర్వాత, "ఎట్లున్నవ్ బిడ్డా?"

"నాకేమైంది, మంచిగున్న. నీ నడుమెట్లున్నది?"

"నడుమేడిదే, ఇరిగిపాయె గద. తిన్నవా?"

"తిన్న. బస్టాండ్ల ఉప్మా తిన్న."

"ఉప్మా ఒక తిండా? ఓ మరదలా, పిల్లకు ఇంత బువ్వ పెట్టు!"

తల్లి లోపలి అర్రలో, బిడ్డ వాకిట్లో. మధ్యలో నేను, నా మగ్గం. ఇద్దరూ ఒకరికొకరు కనబడరు. కేకలు వేసుకుంటూ మాట్లాడుకున్నారు. నా మగ్గం చప్పుడుకు మాట వినబడకపోతే, "ఏందీ?" అని మళ్లీ అడిగేవారు. నేను నేయడం ఆపలేదు. ఆపితే వింటున్నట్టు అవుతుందని. ఆరోజు ఎంత నేశానో నాకు గుర్తు లేదు. అలా గుర్తు లేనిది నా జీవితంలో అదొక్కటే.

అరుగు మీద కూర్చుని నా భార్య పెట్టిన అన్నం తిని, చేతిసంచిలోంచి ఒక గాజు సీసా తీసింది. సీసాలో నీళ్లు, నీళ్లలో ఒక తీగ. నిమ్మపండు రంగు చారలున్న ఆకుపచ్చని ఆకులు, ఆరు.

"అమ్మా, నీకొక తీగ తెచ్చిన! మనీ ప్లాంటంటరు. మేం పనిజేసే బంగ్లల ఉన్నది. అడగకుంట తుంచుకొచ్చిన. దొంగతనంగ తెస్తేనే బతుకుతదట. చీకట్ల గూడ బతుకుతదట. నువ్వు పండుకున్నకాడ పెట్టుకో!"

లోపలినుంచి అక్క, "నువ్వు దొంగతనంగ పోతివి, అది దొంగతనంగ వచ్చె. రెండూ బతుకుతయ్ తియ్," అంది. బయట మేనకోడలు నవ్వింది, నా భార్య నవ్వింది, లోపల అక్క నవ్వు కూడా వినబడింది. దవాఖాన నుంచి వచ్చాక అక్క నవ్వడం అదే మొదలు.

పోయేముందు ఒక కాగితం ముక్క నా భార్య చేతికిచ్చింది. నాగర్‌కర్నూలు బస్టాండు ఎదురుగా ఒక చాయ హోటలు చిరునామా. "ఆడ పెద్ద బంగ్ల పని నడుస్తున్నది. ఏడెనిమిది నెల్లుంటం. అమ్మా, తీగ ఎట్లున్నదో ఒక కార్డు ముక్క రాపియ్యి. మామ రమ్మని రాస్తే వస్త." అంటూ నావైపు చూసింది. ఆ చూపు నా వీపు మీద తగిలింది, నేను నాడె విసిరాను.

మూడో రోజునుంచే అక్క మొదలుపెట్టింది. "కార్డు రాయి తమ్మీ."

"ఏమని రాయాలె? తెచ్చిన ఆరాకులు ఆరే ఉన్నయని రాయాల్నా? జర పెరగనీ. పది ఆకులు గానీ, రాస్త."

"పదే ఎందుకురా?"

"లెక్కకు మంచిగుంటది."

పది ఎందుకో నాకే తెలియదు. రాయనని అంటే అక్క బాధపడుతుంది. రాస్తానంటే రమ్మని రాయాలి. రెండింటికీ మధ్య ఒక అంకె పెట్టాను. అంకె పెడితే అది నా మొండితనం కాదు, లెక్క అవుతుంది. ఇంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను. అక్క మాత్రం ఆ మాటను గట్టిగా పట్టుకుంది. రోజూ పొద్దున నేను దీపం పట్టుకుని లోపలికి పోగానే, "ఎన్ని?" అని అడిగేది. నేను లెక్కపెట్టి చెప్పేవాణ్ణి. మార్పు వచ్చినప్పుడల్లా గోడమీద రాసేవాణ్ణి.

ఏడయింది. చైత్రానికి ఎనిమిది. కానీ తీగ సన్నబడింది. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం పెరిగి, మెడ సాచినట్టు తలుపు వైపు వంగింది. కొత్త ఆకులు వేలిగోరంత. చారలు పోయాయి. "ఎండ తగల్తలేదు దానికి," అంది నా భార్య. సరే చూద్దామని ఒకరోజు తీసుకుపోయి వాకిట్లో పెట్టాను. చైత్రమాసం, గద్వాల ఎండ. సాయంత్రానికి రెండు ఆకులు కాల్చిన కాగితాల్లా అయ్యాయి. ఆరు.

"ఎనిమిదిని ఆరు జేస్తివి. ఇగ నీ కార్డు ఎప్పటికి?" అంది అక్క.

"ఎండ పడదు దీనికి. తేలిపోయింది. ఇగ దీన్ని ఎవరూ కదిలియ్యొద్దు," అన్నాను.

నేను చేసిన పరీక్ష ఒక్కటి. వాకిట్లో నడినెత్తి ఎండకూ, లోపలి అర్రలో చీకటికీ మధ్య ఎన్ని రకాల వెలుతురు ఉందో ఆలోచించలేదు. లెక్కలో ఒక్క పోగు చూసి చీర మొత్తం చెప్పేవాణ్ణి ఎవరైనా చూస్తే నేనే నవ్వేవాణ్ణి.

ఎండ కాదని తేలాక, నీళ్లు అనుకున్నాను. సీసాలోంచి తీసి, మట్టికుండలో పెట్టాను. పొద్దున ఒక గిలాసెడు, సాయంత్రం ఒక గిలాసెడు, తప్పకుండా పోశాను. పది రోజులకు ఒక ఆకు పసుపుపచ్చగా మారి రాలింది. ఐదు. అప్పుడు రోజుకొకటి చేశాను, తర్వాత మూడు రోజులకొకటి. ఏ మార్పు చేసినా గోడమీద పక్కన చిన్న గీత గీసేవాణ్ణి.

అక్క ఒకరోజు అంది. "గవాచి మీద బండ దియ్యరాదు తమ్మీ? దానికి గింత వెలుగొస్తది."

"పట్టున్నది గద అక్కా. రంగు పోతది."

"పట్టు ముందర్రల ఏసుకో."

"ఆడ దుమ్ము. నూలు పీచంత ఎగురుతది."

"అయితే రాత్రికి దెచ్చి ఈడ ఏసుకో, పొద్దున తీస్కపో."

"రోజూ ఎవడు మోస్తడు అక్కా!"

ఆమె మళ్లీ అడగలేదు. 'దానికి' అంది కాబట్టి తీగ కోసమే అడిగింది అనుకున్నాను. ఆ చీకట్లో తీగ ఒక్కటే లేదు కదా అన్న సంగతి నా లెక్కలోకి రాలేదు.

వానలు పడ్డాయి. తీగ తేరుకుంది. ఆరు, ఏడు. చారలు మళ్లీ వచ్చాయి. ఎనిమిది. నాకు గర్వంగా ఉండేది. మూడు రోజులకొక గిలాసు సరైన కొలత అని వీధిలో ఇద్దరికి చెప్పాను కూడా. శ్రావణం వచ్చేసరికి తొమ్మిది.

ఆరోజు పొద్దున అక్క నా చెయ్యి పట్టుకుంది. "తొమ్మిదికి రాయొద్దా? పదికి తొమ్మిది ఎంత తక్కువరా?"

"ఒక్కటి."

"ఒక్కటే గద. నన్ను గూడ ఒక ఆకు లెక్క వట్టుకో. పదయితది."

నేను నవ్వాను. మంచి మాట అన్నావు అక్కా అన్నాను. "ఇంగో పదిరోజులాగు, దాని కొసకు ఆకు మొగ్గ చుట్టుకొనున్నది, అది ఇప్పితే పదే," అన్నాను. కార్డు ఇంట్లోనే ఉంది. పెట్టెలో, లెక్కల పుస్తకం మధ్యలో. కలం నా జేబులోనే ఉంది.

ఆ వారమే నా భార్య పెద్దమందడికి, తల్లిగారింటికి పోయింది. చెల్లెలి కాన్పు. నలభై రోజులు ఉండాల్సి వచ్చింది. ఆమె పోయిన తొమ్మిదో రోజు చుట్టుకుని ఉన్న ఆకు విప్పుకోకుండానే నల్లబడి రాలింది. తర్వాత ఒకటి. తర్వాత ఇంకొకటి. నా గిలాసు కొలత మారలేదు. రోజు తప్పలేదు. ఎనిమిది, ఏడు, ఐదు. తీగ కింద భాగమంతా ఆకుల్లేని పుల్లయింది. నాకు పరేషాన్ పట్టుకుంది.

ఐదింటినైనా కాపాడాలనుకున్నాను. చెడ్డ పుల్లకు అంటుకుని ఉంటే ఇవీ పోతాయి అనిపించింది. దవాఖాన మందుల చిన్న సీసాలు ఐదు కడిగి, నీళ్లు పోసి, ఒక్కొక్క ఆకునూ కాడతో సహా గిల్లి ఒక్కో సీసాలో పెట్టాను. ఆకులు లేని పుల్లను తీసి వీధి చివర పెంటకుప్ప మీద పారేశాను. దానికి ఆకులు లేవు కదా. నా లెక్కలో అది సున్నా.

ఆ ఐదు ఆకులూ వాడలేదు. వారం తర్వాత ఐదు. ఇంకో వారానికి ఐదు. నిలబెట్టాను అనుకున్నాను. కొన్నాళ్లకు కాడల చివర తెల్లని వేర్లు కూడా వచ్చాయి. ఐదు చెట్లయితే ఒక్కోదానికి రెండేసి ఆకులు వచ్చినా పదే అని లెక్క వేశాను.

నా భార్య తిరిగి వచ్చింది. కుండ ఖాళీగా ఉండడం చూసి కూలబడింది. "కిటికీల పెట్టినవా రోజు?" అని అడిగింది.

"కిటికీ ఏంది?"

అప్పుడు చెప్పింది. వానాకాలం మొదలైనప్పటినుంచి, రోజూ మధ్యాహ్నం నేను తిని పడుకున్నాక, కుండ తీసుకుపోయి ముందర్ర కిటికీలో పెట్టేదట. నేను లేచేలోపల మళ్లీ తెచ్చి పెట్టేదట. అక్కకు తెలుసట. ఇద్దరూ నాకు చెప్పలేదు.

"చెప్తే కదిలియ్యొద్దంటవని," అంది. "తొమ్మిది అయినయని నీ గిలాసను జూసి మురిసిపోతుంటివి. వదినె నేను నవ్వుకుంటుంటిమి."

నేను ఆ ఐదు సీసాలూ తెచ్చి అక్క మంచం మీద వరసగా పెట్టాను, చూడు ఇవి ఉన్నాయి కదా అన్నట్టు. అక్క ఒకటి తీసి, దీపానికి దగ్గరగా పట్టుకుని, కాడను వేలితో తడిమింది. ఇంకొకటి తీసింది.

"కణుపేదిరా?"

"కణుపేంది?"

"కాడకు కణుపుంటేనే చిగురొస్తది. గిదంత ఉత్త ఆకు. ఎన్ని దినాలున్నా గిట్లనే ఉంటది. పుల్ల ఏది?"

"ఆకుల్లేవని పారేసిన."

అక్క నన్ను తిట్టలేదు. సీసా కింద పెట్టింది. "నేసెటోనివి," అంది. "మగ్గం మీద చీర అయిపోతే పాత పడుగు మొదలు కోసి పారేస్తవా?"

ఎవరైనా పారేస్తారా? చీర కోసేశాక మగ్గంలో జానెడు పడుగు వదులుతాం. దానిమీద బట్ట ఉండదు, రంగు ఉండదు, చూస్తే ఉత్త పోగుల మోడు. కొత్త పడుగులోని ఒక్కో పోగునూ ఆ పాత పోగు కొసకే మెలేసి అతుకుతాం. అది ఉంటేనే తర్వాతి చీర. ఏడేళ్ల పిల్లవాడప్పుడు ఆ పని నాకు నేర్పింది అక్కే. నేను పెంటకుప్ప దగ్గరికి పరుగెత్తాను. ఎప్పుడో ఎత్తి బండ్లో పొలాలకు తోలేశారు.

దీపావళి దాటింది. ఒకరోజు అక్క, "కార్డు దే," అంది. తెచ్చాను. ఆమె చెప్తుంటే రాశాను. "నేను మంచిగున్న. మీ అత్త మంచిగున్నది. తీగ మంచిగున్నది. ఆకులు పదయినయని రాయి."

"అక్కా."

"రాయి. పదయితే రాస్తనన్నవ్ గద."

రాశాను. "మామ రమ్మంటున్నడని రాయి," అంది. అదీ రాశాను. నేను చేతులారా రాసిన తప్పు అంకె అదొక్కటే.

రెండు వారాలు చూశాం. జవాబు రాలేదు. బస్సెక్కి వనపర్తిలో దిగి, అక్కడ బస్సు మారి నాగర్‌కర్నూలు పోయాను. బస్టాండు ఎదురుగా ఆ చాయ హోటలు సులువుగానే దొరికింది. హోటలాయన గిలాసలు కడుగుతూనే విన్నాడు.

"ఆ పిల్లనా? పోయిరి గద. బంగ్ల పనైపోయింది. దసరా అయినంక గుత్తేదారు అందర్ని పూనా దిక్కు తోల్కపోయిండు. నువ్వేమైతవ్?"

"మామను."

గిలాస కడగడం ఆపి నావైపు చూశాడు. "ఓహో, లెక్కల మామవా? పొద్దుగాల చాయకొచ్చినప్పుడల్లా అడిగేది, కార్డొచ్చిందా అన్నా అని. రాలేదమ్మా అంటే నవ్వేది. మా మామ లెక్క జూస్కోనిదే ఏదీ రాయడు, అయితది అయితది అనేది. నీ కార్డు వాళ్లు పోయినంక వచ్చింది. ఇగో," అని గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చిన కాగితాల్లోంచి తీసి చూపించాడు. "ఆ గుంపులోళ్లు పండుగలకు వస్తపోతుంటరు. ఎవరి చేతనన్న పంపిస్త."

కార్డు చేతిలోకి తీసుకున్నాను. పది అన్న అంకె కొట్టేయొచ్చు. కలం తీశాను. కొట్టేయలేదు. అంచున వేలెడంత ఖాళీ ఉంటే, అందులో ఇరికించి, 'గడప మాట మరిచిపో' అని రాశాను. తిరిగి ఇచ్చేశాను.

వచ్చేటప్పుడు బస్సులో లెక్క కట్టాను. గోడమీద తొమ్మిది రాసినరోజు నుంచి దసరా దాకా అరవై మూడు రోజులు. గద్వాలలో కార్డు వేస్తే నాగర్‌కర్నూలుకు మూడు రోజులు, నాలుగు రోజులు. అరవై మూడులో నాలుగు పోతే యాభై తొమ్మిది. ఆ యాభై తొమ్మిది రోజుల్లో ఏరోజు పొద్దునైనా ఆ పిల్ల బస్సెక్కి ఉండేది.

ఇంటికి వచ్చి, పూనా పోయిండ్రు, కార్డు అందుతది, వస్తది అని చెప్పాను. అక్క, "పది అనే ఉన్నది గద కార్డుల?" అంది. ఉంది అన్నాను. "అయితే వస్తది. నీ లెక్క తప్పదు," అంది. ఎత్తిపొడుపుగా అందో, నమ్మే అందో నాకు తెలియలేదు. అడగలేదు.

మరునాడు పొద్దున దండెం మీది పట్టు చిలపలన్నీ తీశాను. రెండు విడతల్లో ముందర్రకు చేరాయి. పాత ధోతి ఒకటి కప్పితే దుమ్ము కూడా పడలేదు. చీర బెత్తెడు నేసేంత సేపు కూడా పట్టలేదు ఆ పని. మిద్దె ఎక్కి గవాచి మీద బండ జరిపాను. జానెడు చదరం వెలుగు నేరుగా అక్క కాళ్లమీద పడింది. కిందికి వచ్చేసరికి అక్క పడుకున్నచోటినుంచే చెయ్యి చాపి, ఆ వెలుగు చదరాన్ని అందుకోవాలని చూస్తోంది. అందలేదు. "ఉండు, మంచం జరుపుత," అన్నాను. "వద్దు. అదే వస్తది. జరుగుతున్నది చూడు," అంది. నిజమే, పొద్దెక్కుతుంటే చదరం మెల్లగా పైకి జరిగి ఆమె చేతిమీదికి వచ్చింది. చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ముడతలు పడ్డయ్‌రా చేతికి. ఇన్నొద్దులు తెల్వలే," అంది.

ఆ తర్వాత రోజూ ఆ చదరం ఎక్కడ ఉంటే సీసాలను అక్కడికి జరుపుతూ ఉండేది. ఐదులో మూడు మాఘమాసానికి వాడిపోయాయి. ఉగాది ఇంకా పదకొండు రోజులుందనగా అక్క పోయింది. పొద్దున గంజి తాగింది, వెలుగు రాకముందే కన్ను మూసింది. కబురు పంపడానికి మా దగ్గర పూనా చిరునామా లేదు.

అక్క పోయిన మరుసటి ఏడు తొలి వానలప్పుడు, నేను మగ్గంలో ఉన్నాను. నా పక్కన ఇప్పుడు నా భార్య కూర్చుని అంచు నాడె అందిస్తోంది. వాకిట్లో మేనకోడలు నిలబడి ఉంది. చంకలో ఏడాది పిల్ల. చేతిలో మడతలు పడి, అంచులు చిరిగిన కార్డు.

"పోయిన నెలల అందింది మామా ఇది. పూనాల," అంది. "పదాకులైనయని రాసినవ్. చూద్దామని వచ్చిన. గడప మాట మరిచిపొమ్మన్నవ్. మరిచిపోలే గని, వచ్చిన."

నేను గుంతలోంచి లేచాను. మగ్గం కొయ్య పట్టుకుని పైకి వచ్చేసరికి, నా భార్య ఏడుపు విని ఆ పిల్లకు అర్థమైపోయింది. చంకలో పిల్లను కిందికి దించింది. ఆ పసిపిల్లే ముందు పాకుకుంటూ గడప ఎక్కింది. వెనకాల తల్లి వచ్చింది.

లోపలి అర్రలోకి పోయింది. మంచం లేదు. మంచం ఉన్నచోట నేలమీద వెలుగు చదరం ఉంది. గూట్లో ఒకే ఒక సీసా, ఒకే ఒక ఆకు. సీసా నిండా తెల్లటి వేర్లు. దాన్ని తీసి వెలుగులో పెట్టి చూసింది. "కణుపు లేదు గద మామా దీనికి," అంది.

"లేదు. నాకు తెల్వలే."

తలెత్తి కప్పులోకి చూసింది. ఈ అర్రలో పెరిగిన పిల్లే, బండ ఎప్పుడూ మూసే ఉండేదని ఆమెకు తెలుసు. "గవాచి దీసినవ్."

"తీసిన."

"అమ్మ ఉన్నప్పుడేనా?"

"ఉన్నప్పుడే. నూటపద్దెనిమిది రోజులు ఉన్నది వెలుగు."

మేనకోడలు తలూపింది. నూటపద్దెనిమిది అంటే చాలా రోజులే అన్నట్టు ఊపింది. అక్క ఆ చీకట్లో ఎన్ని రోజులు పడుకుందో అడగలేదు. ఆ లెక్క కూడా నా దగ్గర ఉంది.